ఒకటీ పదిహేడు, రాసుకున్నా

మధ్యాహ్నం పెరుగన్నం తిన్నాక ఒంటిగంటకూ రెండింటికీ మధ్య తనకు నిద్ర రాదని ఎవరైనా అంటే నేను నమ్మను. నాకు వస్తుంది. పదకొండేళ్లుగా అదే సీట్లో కూర్చుని, అదే వేళకు కునుకుతూ, మెలకువగా ఉన్నట్టు నటించడంలో ఆరితేరాను. దాచి దాచి విసుగొచ్చింది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. నా ఉద్యోగం మీదికి తెచ్చిన ఆ పని నేను నిద్రమత్తులోనే చేశాను.

నా పేరు కుసుమకుమారి. ఎల్బీనగర్ చౌరస్తాకు కాస్త ఇవతల, కిటికీకి ఎదురుగా మెట్రో రైలు వెళ్లే ఒక మూడో అంతస్తులో అంబులెన్సుల కంట్రోల్ రూం ఉంది. అందులో నా పని. ఎవరికో గుండెనొప్పి వస్తుంది, ఎవరో మెట్ల మీంచి జారతారు, ఫోను నాకు మోగుతుంది. దగ్గర్లో ఉన్న బండికి నేను కబురు చెబుతాను. నడిపే మనిషిని మేం పైలట్ అంటాం. పైలట్ బండి కదపగానే నాకు ఫోన్ చేసి "బయల్దేరినం" అంటాడు. నేను గడియారం చూసి ఆ టైం అతనికి తిరిగి చెప్పాలి. "మూడూ పది, రాసుకున్నా." ఆ మాట చెవిన పడేదాకా అతను ఫోను పెట్టడు. ఎందుకంటే ఆ నిమిషం నుంచి దారిలో అతనికి ఏం జరిగినా డ్యూటీలో జరిగినట్టు. టైం తిరిగి చెప్పకపోతే అసలు బయల్దేరినట్టే కాదు. ఇది మా దగ్గర పాత పద్ధతి.

నా ఎదురుగా గోడంత తెర. హయత్‌నగర్ నుంచి మలక్‌పేట దాకా మ్యాప్. బండ్లన్నీ పచ్చటి చుక్కలు. కునుకు పట్టగానే ఆ మ్యాప్ మెత్తబడుతుంది. రోడ్లన్నీ మా దివిసీమ కాలువలైపోయి చుక్కలు నీళ్ల మీద తేలుతూ వస్తాయి. సైదాబాద్ మీదుగా ఒకటి, చైతన్యపురి హాస్టళ్ల సందుల్లో ఒకటి. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఊరవతలికి వెళ్లిపోయి ఏళ్లయింది గానీ నా కునుకులో మాత్రం ఇంకా అక్కడే ఉంది. తెరలో ఆ మూల నుంచి మాగిన మామిడిపళ్ల వాసన వస్తుంది. ఫోను మోగితే వాసన పోతుంది, కాలువలు మళ్లీ రోడ్లవుతాయి.

నా పక్క సీటు విజయదుర్గది. ఆవిడది రాజమండ్రి. చలి లేకపోతే నాకు నిద్రొస్తుంది, చలి ఉంటే ఆవిడకు మోకాళ్లు పట్టేస్తాయి. ఏసీ రిమోట్ దగ్గర మాటా మాటా పెరిగి మూడేళ్లుగా మా మధ్య పని మాటలు తప్ప వేరే మాటల్లేవు. కృష్ణా గోదావరుల్నైనా కలిపారు గానీ మమ్మల్నిద్దర్నీ ఎవరూ కలపలేకపోయారు. రిమోట్ నా సొరుగులో ఉంటుంది. తాళం నా దగ్గర.

మే నెల. ఎండకి రోడ్డు మీద తారు మెరుస్తోంది. దిల్‌సుఖ్‌నగర్ బండికి మధ్యాహ్నం రెండింటి షిఫ్టు పైలట్ నగేశ్, కూతురికి జ్వరమని రానన్నాడు. అలాంటప్పుడు ఓవర్‌టైంకి ఇంకో మనిషిని ఫోన్ చేసి పిలవడం కూడా నా పనే. నలుగురికి చేశాను. ఇద్దరు ఎత్తలేదు, ఒకడు ఊళ్లో లేడు, ఒకడు ఉండీ లేనన్నాడు. ఐదోవాడు సిద్దిరాములు. ఈ మనిషికి కాదనడం రాదని మాకందరికీ తెలుసు, అందుకే ఆయన పేరు చివర రాసుకుంటాం. రాత్రంతా బండి నడిపి పొద్దున తొమ్మిదింటికి హయత్‌నగర్‌లో ఇల్లు చేరిన మనిషి.

"అన్నా, పడుకున్నారా?"

"పండుకున్న మేడం. చెప్పుండ్రి."

"దిల్‌సుఖ్‌నగర్ బండికి రెండింటికి మనిషి లేడు."

అవతల ఆవలింత వినిపించింది. ఇవతల నేనూ ఆవలించాను.

"ఒస్తా తియ్యుండ్రి. జర మొకం కడుక్కొని ఒస్తా."

"బయల్దేరగానే ఒక మాట చెప్పండి. లేకపోతే ఇంకొకర్ని చూసుకోవాలి."

పావుగంటకి మళ్లీ ఫోను. అప్పటికి నా రోడ్లు కాలువలవుతున్నాయి.

"బయల్దేరిన మేడం," అన్నాడు సిద్దిరాములు.

"ఒకటీ పదిహేడు, రాసుకున్నా," అన్నాను.

అనడమే కాదు, రాశాను కూడా. పదకొండేళ్ల అలవాటు చేతుల్లో ఉంటుంది, దానికి మెలకువతో పని లేదు. బండ్ల పట్టికలో కొత్త వరస తెరిచాను. బండి నంబరు గడి ఖాళీ. పైలట్, సిద్దిరాములు. బయల్దేరిన సమయం, ఒకటీ పదిహేడు. ఆయన వస్తున్నది ఇంటి దగ్గర్నుంచి, తన సొంత స్కూటర్ మీద. ఆ సంగతి నా వేళ్లకు తెలియదు.

రాశాక తెర మీద ఆయన చుక్క కోసం వెతికాను. ఒట్టేసి చెబుతున్నాను, కనిపించింది. పనామా గోడౌన్లు దాటి, చింతలకుంట దాటి, సిద్దిరాములు స్కూటర్ మీద నీలిదీపం తిరుగుతూ వస్తోంది. బస్సులు, ఆటోలు, లారీలు పక్కకు ఒదిగి దారిస్తున్నాయి. ఎవరూ హారన్ కొట్టడం లేదు. ఆయన కళ్లు మూసుకుని, తల కాస్త ముందుకు వాల్చి, మా కిటికీ కింద నుంచి నీళ్ల మీద పడవలాగా వెళ్లిపోయాడు. నాకు ఎంతో హాయిగా అనిపించింది.

ఒకటీ నలభై నాలుగుకి ఫోను మోగింది. కొత్తపేటలో కొబ్బరిబొండాలమ్మే మనిషి.

"మేడం, ఈడ మెట్రో పిల్లర్ కాడ ఒకాయన బండి మీదికెల్లి పడ్డడు. ఎవ్వలు గుద్దలె. తనంతల తనే పిల్లర్‌కు కొట్టుకున్నడు. నిద్ర పోయిండో ఏమో. కాలు మొత్తం తిరిగిపోయింది." కాస్త ఆగి అన్నాడు, "ఆయన ఫోన్ గుంజుకుంటుండు మేడం."

తర్వాత సన్నగా, తెలిసిన గొంతు వినిపించింది.

"మేడం, చేరలె. చేరలె అని రాసుకోండ్రి. ఇంకో మనిషిని సూస్కోండ్రి."

నా చేతులు కదల్లేదు. పక్క సీటు నుంచి విజయదుర్గ వంగి, నా హెడ్‌ఫోన్ లాక్కుని, నాగోలు బండికి కబురు చెప్పి, టైం తిరిగి చెప్పింది. నా వైపు చూడలేదు.

తొడ ఎముక రెండుచోట్ల విరిగింది. ఆపరేషన్ చేసి లోపల కడ్డీ పెట్టారు. ఆరు నెలలు స్టీరింగ్ పట్టకూడదన్నారు. నేను రెండో రోజు దవాఖానకు వెళ్లాను. సిద్దిరాములు మందుల మత్తులో నిద్రపోతున్నాడు. బయట బల్ల మీద ఆయన భార్య పెంటమ్మ కూర్చుని ఉంది. నేనెవరో చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో.

"నువ్వేనా అమ్మా లేపింది?" అంది. గొంతులో కోపం లేదు, అదే నాకు భరించరానిది. "పండుకున్నోన్ని లేపిండ్రు. గ్లాసెడు నీళ్లు తాగిచ్చి తోలిచ్చిన. ఇప్పుడేమో డ్యూటీ ఇంకా ఎక్కలేదు, తొవ్వల జరిగింది మాకు సంబంధం లేదంటుండ్రు. నిద్రలకెల్లి లేపినప్పుడు మీ మనిషే. కాలు ఇరిగినంక మా మనిషా?"

నేను సిగ్గుతో చచ్చిపోయాను. సంస్థ నిబంధన ఏమిటంటే, బండి ఆగే చోట మెషిన్ మీద వేలిముద్ర పడితేనే డ్యూటీ మొదలు. డ్యూటీలో దెబ్బ తగిలితే వైద్యం ఖర్చూ జీతమూ సంస్థ ఇస్తుంది. వేలిముద్రకు ముందు ఏం జరిగినా ఎవరి కర్మ వారిది. ఓవర్‌టైంకి పిలిచినా అంతే.

వారం తిరక్కుండా మేనేజరు వెంకటేశ్వరరావుగారు నన్ను లోపలికి పిలిచారు. చెడ్డవాడు కాదాయన. చెడ్డవాడైతే నాలుగు దులిపేసి వచ్చేదాన్ని. తన కంప్యూటర్ నా వైపు తిప్పారు. పట్టికలో ఒక వరస ఎర్రగా మిణుకుమిణుకుమంటోంది. బయల్దేరిన బండి చేరినట్టు రాయకపోతే ఆ వరస మూసుకోదు, అలా ఎర్రగా వెలుగుతూనే ఉంటుంది.

"ఇదేంటండీ కుసుమగారూ? ఈ బండి ఎక్కడుంది?"

"అది స్కూటరండీ."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "సిద్దిరాములు అర్జీ పెట్టుకున్నాడు. వచ్చే నెల కమిటీ కూర్చుంటుంది. ఈ వరస ఉంటే అతను డ్యూటీలో ఉన్నట్టు మన పట్టికే సాక్ష్యం చెబుతుంది. ఇంటి దగ్గర్నుంచి వచ్చే దారి డ్యూటీ ఎలా అవుతుందండీ? నేను వనస్థలిపురం నుంచి వస్తాను. నాకూ దారి జీతం ఇవ్వాలా?"

"రోజూ వచ్చే డ్యూటీకి ఎవరి తంటాలు వాళ్లవి. నా మెట్రో టికెట్టు నేనే కొనుక్కుంటున్నాను, ఎప్పుడైనా అడిగానా? ఇది వేరు. ఆయన డ్యూటీ అయిపోయి పడుకున్నాడు. మనం ఫోన్ చేసి లేపాం. పిలవని పేరంటానికి రాలేదు కదండీ."

"వేలిముద్ర పడలేదు."

"రోగి విషయంలో మన గడియారం ఎప్పుడు మొదలవుతుంది? మనం వాళ్లింటికి చేరాకా, ఫోను మోగినప్పుడా?"

"ఫోను మోగినప్పుడే."

"సిద్దిరాములుకీ ఫోనే మోగింది."

ఆయన ఒక కాగితం నా ముందుకు జరిపారు. అంతా టైపు చేసి ఉంది. నిద్రమత్తులో, పొరపాటున, బండ్ల పట్టికలో ఒక వ్యక్తి పేరు నమోదు చేశాను, దయచేసి ఆ వరస తొలగించగలరు. కింద నా పేరు. సంతకం చోటు మాత్రం ఖాళీ.

"నేను నిద్రపోయానని మీకెవరు చెప్పారు?"

"పదకొండేళ్లుగా చూస్తున్నానండీ," అన్నారాయన మెత్తగా. "ఎవరూ ఏమీ అనరు. సంతకం పెట్టి మీ సీట్లో మీరు కూర్చోండి."

దాచడమెందుకు, పెన్ను చేతిలోకి తీసుకున్నాను. మా ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో స్టేషనరీ షాపు ఎత్తేసి రెండేళ్లయింది. ఇల్లు నా జీతం మీద నడుస్తోంది. పైగా ఆ కాగితంలో ఉన్నది నిజమే. నిద్రమత్తు నిజం. తెలిసి రాయలేదన్నదీ నిజం. కిటికీ అవతల మెట్రో రైలు వెళ్తోంది, లోపల నిలబడి ఉన్నవాళ్ల తలలు వరసగా జారిపోతున్నాయి. వాళ్లలో ఎందరిని ఎవరు లేపి పిలిచారో. మెలకువగా ఉండి ఉంటే నేను ఆ వరస రాసేదాన్ని కాదు. ఆ సంగతి తట్టగానే నా మీద నాకే ఒళ్లు మండింది.

"నిద్రలో రాసిన మాట నిజమేనండీ," అన్నాను. "తప్పు రాశానన్నది మాత్రం అబద్ధం. సంతకం పెట్టను."

"ఆలోచించుకోండి."

"ఎక్కువ ఆలోచిస్తే పెట్టేస్తాను. అందుకే ఇప్పుడే చెబుతున్నాను."

వెంకటేశ్వరరావుగారు కాగితం వెనక్కి తీసుకున్నారు. "మీరు సంతకం పెట్టకపోయినా కమిటీ దాన్ని పొరపాటనే అంటుంది. ఒక్కరు ఒక్కసారి రాస్తే అది పొరపాటే కుసుమగారూ. పద్ధతి అనిపించుకోవాలంటే అందరూ రాయాలి. ఎవరు రాస్తారు, ఉద్యోగాలు పోగొట్టుకుని?"

ఆ సాయంత్రమే నా సీటు తీసేశారు. నన్ను రిలీవర్ల జాబితాలో వేశారు. అంటే ఎవరైనా రానిరోజు ఫోన్ చేసి పిలుస్తారు, పిలిస్తే వెళ్లాలి, పిలవకపోతే ఆ రోజు జీతం లేదు. సొరుగు ఖాళీ చేస్తుంటే రిమోట్ చేతికి తగిలింది. విజయదుర్గ బల్ల మీద పెట్టాను. ఆవిడ దాన్ని చూసింది, నన్ను చూసింది. ఏసీ ఇరవై ఆరుకు పెంచుకుంది. నేను మెట్లు దిగి వచ్చేశాను.

తర్వాత చాలా రోజులు ఫోను మోగలేదు. సైదాబాద్‌లో మా ఇంట్లో మధ్యాహ్నం పడుకోవచ్చు, ఎవరూ చూడరు. విడ్డూరం, నిద్ర రాలేదు. పెరుగన్నం తిని, ఏమీ తోచక, దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి ఎల్బీనగర్ దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చేదాన్ని. మా ఆయన నాకు పిచ్చి పట్టిందన్నారు. రైలు ఊగుతుంటే అక్కడ పట్టేది కునుకు. కింద రోడ్డు మెత్తబడి కాలువయ్యేది. స్కూటర్ల మీద, బస్సుల్లో, ఆటోల్లో జనం తేలుతూ వెళ్తుండేవారు. తడి జుట్టు ఆరకుండానే జడ వేసుకున్న నర్సు ఒకతె. యూనిఫాం చొక్కా మీద మామూలు చొక్కా వేసుకున్న ఫైరు ఆఫీసు మనిషి ఒకడు. వాళ్లందరూ తలెత్తి కిటికీలో ఉన్న నాతో ఒకటే మాట చెబుతుండేవారు. బయల్దేరినం, బయల్దేరినం. నేను గడియారం కోసం చెయ్యి చూసుకుంటే మణికట్టు ఖాళీగా ఉండేది. అప్పటికి నా స్టేషను దాటిపోయేది.

ఒకరోజు హయత్‌నగర్ వెళ్లాను. సిద్దిరాములు మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. పెంటమ్మ చాయ్ ఇచ్చి, నన్ను కుర్చీలో కూర్చోమంది. ఆ కుర్చీ మీద మడతపెట్టిన ఆయన యూనిఫాం ఉంటే తీసి ఒళ్లో పెట్టుకుంది.

"నా పంచాయితీల మీ సీటు పాయె మేడం," అన్నాడాయన. "సంతకం పెట్టాల్సుండె. మీకెందుకు పరేషాన్."

"నా నిద్ర, నా ఇష్టం. మీరు మందులేసుకోండి."

నవ్వాడు. కాసేపయ్యాక అడిగాడు. "గా లైను ఇంక ఉన్నదా?"

"ఉంది. మొన్న నగేశ్ చూశాడట."

"ఎర్రగనే ఉన్నదా?"

"ఎర్రగానే ఉంది."

"అట్లయితే ఇంక తొవ్వలనే ఉన్న," అన్నాడు సిద్దిరాములు, పైకప్పు ఫ్యాను వైపు చూస్తూ. ఆ మాటకి పెంటమ్మ ముఖం అటు తిప్పుకుంది. ఈ మనిషిని నేనే లేపాను అనుకుంటూ చాయ్ గుటకలు వేశాను.

నగేశ్ ఫోన్ చేసినప్పుడల్లా కబుర్లు చెప్పేవాడు. కంట్రోల్ రూం గోడకు కొత్త కాగితం అంటించారట. బండ్ల పట్టికలో బండ్లు మాత్రమే రాయాలి, మనుషుల పేర్లు రాసినవారి మీద చర్య తీసుకోబడును. విజయదుర్గ ఆ కాగితం ఎదురుగానే కూర్చుంటోందట. ఏమీ అనలేదట. ఆవిడ అంటుందని నేనూ అనుకోలేదు.

కమిటీ రేపనగా, సాయంత్రం మబ్బు పట్టింది. డాబా మీద బట్టలు తీస్తుంటే నా ఫోను మోగింది. కంట్రోల్ రూం నంబరు.

"కుసుమకుమారిగారేనా?" విజయదుర్గ గొంతు. నా నంబరు తెలిసీ అలా అడుగుతుంది, అంత బిగువు. "సాయంత్రం షిఫ్టుకు మనిషి లేదు. రాగలరా?"

"వస్తాను."

"బయల్దేరగానే ఒక మాట చెప్పండి."

చీర మార్చుకుని, జడ వేసుకుని, మా ఆయనకు ఉప్మా ఎక్కడుందో చెప్పి గుమ్మం దాటాను. తలుపు దగ్గరగా వేసి ఫోన్ చేశాను.

"బయల్దేరాను," అన్నాను.

అవతల ఏసీ చప్పుడు వినిపిస్తోంది. ఎవరో దూరంగా ఇంకో ఫోన్లో మాట్లాడుతున్నారు. గోడ మీది కాగితం ఎక్కడ అంటించి ఉంటారో ఊహించుకున్నాను. సరే అని ఫోను పెట్టేస్తుంది, అంతే కదా, అంతకన్నా ఏం చేస్తుంది అనుకున్నాను. కానీ నేను ఫోను పెట్టలేకపోయాను. పదకొండేళ్లు అవతలివాళ్లను నిలబెట్టిన మాట కోసం మొదటిసారి నేను నిలబడి ఉన్నాను. మెట్ల దగ్గర చేత్తో రెయిలింగు పట్టుకున్నాను.

"నాలుగూ ఇరవై ఆరు," అంది విజయదుర్గ. "రాసుకున్నా."

"విజయదుర్గగారూ, గోడమీద కాగితం..."

"కనిపిస్తోంది లెండి. ఎదురుగానే ఉంది." కీబోర్డు చప్పుడు. "మీది నలభై మూడోదండీ. ఇంటి నుంచి పిలిపించిన ప్రతి మనిషినీ రెండు షిఫ్టుల వాళ్లమూ రాస్తున్నాం, నెల రోజుల్నుంచి. అందరి సీట్లూ తీసేయాలంటే ఫోన్లెత్తడానికి మనిషి మిగలడు. రేపు కమిటీ మొత్తం పట్టిక చూస్తుంది. సిద్దిరాములుది మొదటి వరస."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడకు వినిపించకూడదని ఫోను దూరంగా పట్టుకున్నాను. ఇక ఆ వరసను పొరపాటనడానికి ఎవరికీ నోరు రాదు. హయత్‌నగర్‌లో ఆ మంచం మీద మనిషి నిజంగానే తొవ్వలో ఉన్నాడు, నాతోపాటు, ఇంకా నలభై ఒక్క మందితో పాటు.

"హలో? ఉన్నారా?"

"ఉన్నానండీ. ఇదిగో, పరిగెత్తుకొస్తున్నాను."

"పరిగెత్తకండి," అంది విజయదుర్గ. "వాన వచ్చేలా ఉంది. నిదానంగా రండి. డ్యూటీలో ఉన్నారు."

నేను వెనక్కి వెళ్లి గొడుగు తెచ్చుకున్నాను. ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగాను.